దామెర్ల రామారావుగారి బొంబాయి చదువు

దామెర్ల రామారావుగారి పేరు మన రాజమహేంద్రవరంలో వినని విద్యార్థి ఉండడు. అయితే మనలో చాలామందికి అది ఒక ఆర్టు గ్యాలరీ బోర్డు మీది పేరు. గొప్ప చిత్రకారుడనీ, చిన్న వయస్సులోనే పోయారనీ చెప్పగలం. అంతకు మించి ఎవరైనా అడిగితే ఒకరి ముఖం ఒకరం చూసుకొంటాము.

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసిమ్మని సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఫిజిక్సు విద్యార్థిని గనుక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి మీదో, మరో శాస్త్రజ్ఞుని మీదో రాస్తాననుకొన్నారు. రామారావుగారి పేరు చెప్పేసరికి, బొమ్మలకీ నీకూ ఏమిటి సంబంధం అన్నారు. నిజమే, నాకు తిన్నగా ఒక గీత గీయటం కూడా రాదు, ప్రాక్టికల్ రికార్డులో స్కేలు పెట్టి గీసిన గీత తప్ప. అందరూ ఆయన వేసిన చిత్రాల గూర్చి చెప్పుకొంటారు. నాకు మనస్సులో నాటుకొన్నది మాత్రం 19వ ఏట ఆయన ఏ ఊరి రైలెక్కారన్న సంగతి.

రామారావుగారు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి వెంకటరమణారావుగారు వైద్యులు. ఆ ఏడే నవంబరులో గోదావరి మీద మొదటి రైలు వంతెన పని మొదలైంది. అదే మనం హేవలాక్ వంతెన అనేది. 1900లో దాని మీద రైళ్ళు నడవసాగాయి. అంటే ఈయన ఊయల దిగి వీధిలో తిరిగే వయస్సు వచ్చేసరికి మద్రాసు నుంచి కలకత్తాకు వెళ్ళే రైలు మన ఊరి మీదుగా గోదావరి దాటుతోంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలని పాఠకులకు మనవి. తరువాత పనికివస్తుంది.

అప్పుడు మన జిల్లాలు మద్రాసు రాజధానిలోవి. రాజమండ్రి కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గాని రాలేదు. కాబట్టి డెల్టాలో పుట్టినవాడు పై చదువు చదవాలంటే మూటాముల్లె సర్దుకోవలసిందే. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి వంటి కృష్ణా జిల్లావారు నాగపూరులో చదివి మరాఠీలో వ్యాసాలు రాసేటంతటివారైనారు. బయటికి వెళ్ళటం కొత్త కాదు. ఎక్కడికి వెళ్ళాలన్నదే ప్రశ్న.

చిత్రలేఖనం నేర్చుకోదలచినవాడికి మూడు పెద్ద తలుపులుండేవి. మద్రాసు పాఠశాల 1850లోనూ, కలకత్తాది 1854లోనూ, బొంబాయిలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ 1857లోనూ పుట్టాయి. దగ్గరిది మద్రాసు. మన రాజధాని, మన తెలుగువాళ్ళు వీధివీధినా ఉన్న ఊరు. కాని ఆ రోజుల్లో అక్కడ ఎక్కువ శ్రద్ధ లోహపుపని, చెక్కడపు పని వంటి చేతివృత్తుల మీద. బొమ్మలు వేయటమే ప్రాణమనుకొన్నవాడికి అది సరిపడదు. మిగిలినవి కలకత్తా, బొంబాయి.

ఈ కథలో ఆస్వల్డ్ కూల్డ్రే దొరగారిని చెప్పకుండా ముందుకు పోవటానికి వీల్లేదు. ఆక్స్‌ఫర్డులో చదువుకొన్న ఇంగ్లీషువాడు. 1909లో రాజమండ్రి కళాశాలకు వచ్చి, ప్రిన్సిపాలుగా 1919 దాకా ఉన్నారు. స్వయంగా బొమ్మలు వేసేవారు, కవిత్వం రాసేవారు. కాలేజీలో పాఠం చెప్పి బంగళాకు పోయి కూర్చొనే రకం కాదు. గోదావరి గట్లు, లంకలు, చుట్టుపట్ల పల్లెలు తిరిగి చూసి రాసుకొన్నారు. కుర్రాళ్ళలో ఎవడికి ఏమి చేతనవునో కనిపెట్టటం ఆయనకు తెలుసు. అడవి బాపిరాజుగారు, కవికొండల వెంకటరావుగారు, వరదా వెంకటరత్నంగారు, మన రామారావుగారు, అందరూ ఆయన చలవవారే. పుస్తకం కంటె పెన్సిలు మీద ధ్యాస ఎక్కువగా ఉన్న ఈ కుర్రవాణ్ణి కోప్పడకుండా దగ్గరకు తీసి, అజంతా గుహలు చూపించి, చివరకు బొంబాయికి పంపించిన గురువు ఆయన.

ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. ఆ కాలపు రాజమండ్రి కుర్రవాడి మనస్సు కలకత్తా వైపు పోవాలిగాని బొంబాయి వైపు పోవటమేమిటి?

1907లో బిపిన్ చంద్ర పాల్ మన ఊరు వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. చిలకమర్తివారు ఆ ఉపన్యాసాలను తెలుగు చేశారు. వందేమాతరం బాడ్జీలు పెట్టుకొన్న విద్యార్థుల మీద కాలేజీవారు కన్నెర్ర చేశారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని చదువునుంచి వెళ్ళగొట్టారు. అప్పటికి రామారావుగారికి పదేళ్ళు. అంతకు ముందే వీరేశలింగంగారి మూలంగా బ్రహ్మసమాజం ఇక్కడ పాతుకొనిపోయింది. అదీ బెంగాలు సరుకే. ఇక చిత్రకళలో చూస్తే, హేవెల్ దొర, అవనీంద్రనాథ ఠాకూర్ కలిసి కలకత్తాలో కొత్త దారి తీశారు. పాశ్చాత్యుల తైలవర్ణాలు మనకొద్దు, అజంతా, మొగలాయి చిత్రాలు మన బడి అన్నారు. జపానువారి దగ్గర నేర్చి, రంగును నీళ్ళతో పూసి కడిగి, మళ్ళీ పూసి కడిగి, పొగమంచులాగా తేలిపోయే బొమ్మలు వేశారు. 1907లోనే ప్రాచ్య చిత్రకళకు ఒక సంఘం కూడా అక్కడ వెలిసింది. స్వదేశీ అంటే ఖద్దరు ఎట్లాగో, బొమ్మల్లో స్వదేశీ అంటే బెంగాలు పద్ధతి అట్లాగ.

రైలు సంగతి చూసినా అంతే. రాజమండ్రిలో ఎక్కితే తిన్నగా కలకత్తా. బొంబాయి వెళ్ళాలంటే బెజవాడ దిగి, నిజాం రాజ్యం అడ్డంగా దాటి, వాడి జంక్షను మీదుగా పోవాలి. దిగినచోట మరాఠీ ఒకటి, గుజరాతీ ఒకటి. బొంబాయి బడి పద్ధతి కూడా యూరపు బళ్ళ పద్ధతి. ముందు సున్నపు విగ్రహాల్ని చూసి వెలుగునీడలు గీయాలి, తరువాత ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి ఎముక ఎక్కడుంది, కండ ఎట్లా తిరిగింది అని చూసి గీయాలి. బెంగాలు అభిమానులకు ఇది బానిస చదువు.

అయినా రామారావుగారు 1916లో బొంబాయి వెళ్ళి జె.జె. స్కూల్లో చేరారు.

ఇంగ్లీషుదొర గనుక ఇంగ్లీషు పద్ధతి బడికి పంపాడని తీసిపారేయవచ్చు. నాకట్లా తోచలేదు. కూల్డ్రేగారికి మన అజంతా మీద ఉన్న మక్కువ చూస్తే ఆ మాట నిలవదు. నా ఊహ ఇది: ఆయన ముందు చెయ్యి కుదరాలనుకొని ఉంటారు. మా లేబొరేటరీలో మొదటి ఏడు వెర్నియర్, స్క్రూగేజి చదవటం నేర్పుతారు. విసుగ్గా ఉంటుంది. ఐన్‌స్టైనును గూర్చి వినాలని వచ్చినవాడిచేత ఇనుపగోళీ వ్యాసం కొలిపిస్తారు. కాని కొలవటం రానివాడు తరువాత ఏ సిద్ధాంతం చెప్పినా ఎవడు నమ్ముతాడు? బెంగాలు బడి ఏది గీయాలో చెప్పేది. బొంబాయి బడి ఎట్లా గీయాలో చెప్పేది. ఏది గీయాలన్నది ఈ కుర్రవాడికి ఎవరూ చెప్పనక్కరలేదనీ, అది ఇంటిముందు గోదావరిలో ఉన్నదనీ ఆ గురువుకు తెలిసి ఉండాలి.

ఈ విషయం ఇంత పట్టుగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఏడు నా పరిస్థితీ ఇంచుమించు ఇదే. ఎం.ఎస్సీ.కి రెండు చోట్లకు ప్రయత్నం చేస్తున్నాను. ఒకటి పూణే, ఒకటి కలకత్తాలో జాదవ్‌పూర్. మాది రామచంద్రపురం పక్క పల్లె. నాలుగెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. దాళ్వా ధాన్యం డబ్బు చేతికొస్తేగాని ఎక్కడికైనా ఫీజు కట్టలేం. సీనియర్లను అడిగితే ఒకడు కలకత్తాలో ప్రతివాడూ రాజకీయం మాట్లాడతాడు, పుస్తకాలు చౌక, చేపలకూర దొరుకుతుంది గాని ఆవనూనె కంపు భరించాలి అంటాడు. మరొకడు పూణేలో క్రమశిక్షణ ఎక్కువ, గదుల అద్దె ఎక్కువ, జొన్నరొట్టె అలవాటైతే అన్నం మరచిపోతావు అంటాడు. మా బాబాయి అసలు విశాఖపట్నం ఉండగా ఈ దేశాలు పట్టుకొని తిరగటమెందుకు అంటాడు. అమ్మ ఏమీ అనదు. ఆవకాయ ఏ సైజు జాడీలో పెట్టాలో మాత్రం అడుగుతుంది. రామారావుగారి కంటె నాకు ఒక సౌకర్యం ఉంది. కలకత్తా రైలు ఎప్పటిలాగే ఉండగా, పూణే మీదుగా బొంబాయి పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ కూడా ఇప్పుడు మన స్టేషనులోనే ఆగుతుంది. బెజవాడలో దిగి మారే పని లేదు.

సరే, మళ్ళీ బొంబాయికి వెళదాము. అక్కడ ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ దొర. రామారావుగారి చివరి రోజుల్లో గ్లాడ్‌స్టన్ సాలమన్ వచ్చి మనిషిని ఎదురుగా నిలబెట్టి గీసే తరగతికి పెద్దపీట వేశాడు. గోడల మీద పెద్ద చిత్రాలు వేయించటమూ ఆయన చేతి మీదుగానే ఊపందుకొంది. రామారావుగారి గీతలో కనబడే గట్టితనం అక్కడిదే. మెడ వంచిన స్త్రీని వేస్తే ఆ మెడ కింద భుజం సరిగ్గా ఉన్నచోటనే ఉంటుంది. చీర మడతలోపల మోకాలు ఉన్నట్టు తెలుస్తుంది.

కాని ఒక ఊరికి చదువుకు వెళ్ళినవాడు ఆ బడిలోనే నేర్చుకోడు. రామారావుగారికి అక్కడ రవిశంకర్ రావళ్ అనే గుజరాతీ చిత్రకారుడు స్నేహితుడైనాడు. ఈయన తరువాత 1924లో అహమ్మదాబాదునుంచి కుమార్ అనే పత్రిక పెట్టి గుజరాతు చిత్రకళకు గురువనిపించుకొన్నాడు. ఆ స్నేహం వల్ల రామారావుగారు గుజరాతు, కాఠియావాడ్ తిరిగారు. అక్కడి పశువుల కాపరులను, గొల్ల స్త్రీలను, వాళ్ళ తలపాగాలను, గాజులను గీసుకొన్నారు. తెలుగు కుర్రవాడు మరాఠీ ఊళ్ళో చదివి గుజరాతీవాడితో కలిసి కాఠియావాడ్ పల్లెలో కూర్చొని బొమ్మ వేయటమంటే, ఆ రోజుల్లో ఎంత దూరం! కలకత్తా వెళ్ళి ఉంటే ఈ మనుషులు ఆయన కంట పడేవారు కారు. వేరేవారు పడేవారనుకోండి, అది వేరే సంగతి.

1920 నాటికి చదువు ముగిసింది. బొంబాయి శిక్షణ పొందినవాడికి రాజుల, దొరల రూపచిత్రాలు వేసుకొంటూ బతకటం కష్టం కాదు. ఆయన ఇల్లు చేరారు. ఆ తరువాత మిగిలింది అయిదేళ్ళు. మనకు తెలిసిన రామారావుగారు ఈ అయిదేళ్ళలోని మనిషే.

పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం, నందిపూజ, కార్తీక పౌర్ణమి, తూర్పు కనుమలలో గోదావరి. ఈ పేర్లు చూడండి. ఒక్కదానికైనా బొంబాయి వాసన ఉందా? వాటిలోని స్త్రీలు మన వీధుల్లో నీళ్ళ బిందెతో వచ్చేవాళ్ళు. కొప్పు ముడి, అందులో పువ్వులు, చీరకట్టు, నడకలోని బరువు అన్నీ మనవి. తైలవర్ణాలు నేర్చిన చెయ్యి నీటిరంగుల వైపు మొగ్గింది. ఇంత చూసి కొందరు ఆయనను బెంగాలు బడికి చెందినవాడని రాసేస్తారు. నేను ఒప్పుకోను. బెంగాలు బొమ్మల్లో మనిషి మంచులో కరిగిపోతాడు. ఈయన బొమ్మల్లో నేల మీద నిలబడతాడు. గీత తెగదు. బొంబాయి బడి అని రాసేవాళ్ళతోనూ నాకు పేచీయే. ఆ బడిలో ఎదురుగా కూర్చొన్న మనిషి ఎట్లా ఉంటే అట్లా దించుతారు. ఈయన దించలేదు, ఏరుకొన్నాడు. ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న ఒళ్ళు, చేతులు, తలలు ఒక వరసలో ఒదిగేటట్టు అమర్చాడు. అది అజంతా గోడల మీద చూసి నేర్చింది.

అజంతా సంగతి తమాషాగా ఉంటుంది. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి రోజుల్లో బెంగాలువారు, బొంబాయివారు ఇద్దరూ అజంతా మాదంటే మాదనేవారు. బొంబాయి బడి విద్యార్థులు గ్రిఫిత్స్ దొర వెంట 1872 నుంచి 1885 దాకా ఆ గుహల్లో కూర్చొని నకళ్ళు తీశారు. వాటిలో చాలా లండనులో కాలిపోయాయి. తరువాత 1909–11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ వచ్చినప్పుడు నందలాల్ బోస్ మొదలైన అవనీంద్రుని శిష్యులు వెళ్ళి నకళ్ళు తీశారు. గుహలేమో నిజాం రాజ్యంలో ఉన్నాయి. ఒకే గోడను చూసి రెండు ఊళ్ళవాళ్ళు రెండు బళ్ళు పెట్టుకొన్నారన్నమాట. మన ఊరి కుర్రవాడు వాటి మధ్యవర్తిత్వం అక్కరలేకుండా గురువు వెంట నేరుగా ఆ గోడ దగ్గరికే వెళ్ళి చూసివచ్చాడు.

1922–23 ప్రాంతంలో రామారావుగారు రాజమండ్రిలోనే చిత్రకళాశాల నెలకొల్పారు. ఆంధ్రులకు భారతీయ చిత్రకళా సంఘం ఒకటి ఏర్పడింది. ఇక రంగులు పట్టటం నేర్చుకోవటానికి తెలుగువాడు మద్రాసుకో, బొంబాయికో, కలకత్తాకో టిక్కెట్టు కొననక్కరలేదని ఆయన తలంపు. వరదా వెంకటరత్నంగారు కుడిభుజంగా నిలిచారు. చామకూర భాష్యకార్లుగారు వంటి మిత్రులు కలిశారు. మరొక విశేషం. ఆయన భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కూడా అక్కడ కుంచె పట్టి చిత్రకారిణులైనారు. నూరేళ్ళ కిందట, ఆడవాళ్ళు వీధి అరుగు మీదకు రావటమే గగనమైన రోజుల్లో! ఈ సంగతికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

సరిగ్గా అప్పుడే బందరు జాతీయ కళాశాలలో బెంగాలునుంచి వచ్చిన ప్రమోదకుమార చటోపాధ్యాయగారు చిత్రకళ నేర్పుతున్నారు. కూల్డ్రే శిష్యుడే అయిన బాపిరాజుగారు అక్కడ చేరి నేర్చుకొన్నారు. అంటే చూడండి, గోదావరి ఒడ్డున బొంబాయి చెయ్యి, కృష్ణ ఒడ్డున కలకత్తా చెయ్యి. మధ్య ఒక్క రాత్రి ప్రయాణం. ఒకే గురువు దగ్గర పెరిగిన ఇద్దరు మిత్రులు రెండు దారుల్లో నడిచారు. బాపిరాజుగారు తరువాత నవలాకారులుగానే ఎక్కువ పేరు పొందారు.

రామారావుగారి చిత్రాలు కలకత్తా ప్రదర్శనకూ వెళ్ళాయి, మెప్పు పొందాయి. చదువుకు ఆ ఊరు వెళ్ళనివాడు, బొమ్మలతో వెళ్ళాడు.

1925 ఫిబ్రవరి 6న మశూచికంతో ఆయన మరణించారు. ఇరవై ఎనిమిది నిండటానికి ఇంకా నెల రోజులుంది. మశూచికానికి టీకా అప్పటికే నూట పాతికేళ్ళకు పైగా లోకంలో ఉన్నది. జబ్బు భూమి మీద లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది మాత్రం 1980లో. వైద్యుని ఇంటిలో పుట్టినవానికి ఆ జబ్బు రావటం చదువుతుంటే సైన్సు విద్యార్థిగా నాకు చాలా బాధ కలిగింది. పట్టుమని అయిదేళ్ళ పని. బళ్ళో నేర్చుకొన్న కాలమూ, ఇంటికి వచ్చి వేసిన కాలమూ దాదాపు సమానం.

బడిని వెంకటరత్నంగారు చెడిపోనివ్వలేదు. తన బొమ్మల సంగతి పక్కనపెట్టి, స్నేహితుని బొమ్మలు చెదిరిపోకుండా కాపాడటానికి జీవితమంతా తిరిగారు. ఈనాడు గ్యాలరీలో మనం చూస్తున్నవి ఆయన కాపాడినవి. వెంకటరత్నంగారు 1963లో మరణించారు. కూల్డ్రేగారు స్వదేశం వెళ్ళాక కూడా థేమ్సునూ గోదావరినీ కలిపి పుస్తకం రాశారు. 1958 దాకా ఉన్నారు. తన శిష్యుడు పోయిన తరువాత ముప్పై మూడేళ్ళు.

ఈ వ్యాసం కోసం గ్యాలరీకి వెళ్ళినప్పుడు మా నాన్న కూడా వచ్చాడు. ఎరువుల పని మీద రాజమండ్రి వచ్చి, బస్సుకు టైముందని వెంట నడిచాడు. బొమ్మలు చూడటం ఆయనకు అలవాటు లేదు. చేతులు వెనక్కి కట్టుకొని, పొలం గట్టు మీద నడిచినట్టు ఒక్కొక్క బొమ్మ ముందు ఆగి ఆగి నడిచాడు. గోదావరి కొండల బొమ్మ దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడి, ఏటి నీరు ఏ నెలలో ఆ రంగులో ఉంటుందో చెప్పాడు. బయటికి వచ్చాక నేను రామారావుగారి బొంబాయి కథంతా చెప్పాను. అంతా విని, ఆ కుర్రవాడికి బొంబాయిలో తెలిసినవాళ్ళెవరైనా ఉండేవారా అని అడిగాడు. రవిశంకర్ రావళ్ పేరు చెప్పాను. ఆ రావళ్ ముందునుంచీ ఎరిగున్నవాడా, వెళ్ళాక దొరికినవాడా అని మళ్ళీ అడిగాడు.

వెళ్ళాకే దొరికాడన్నాను.